సాలీడు కుట్టిన మూట

మా వదినకి సాలీళ్ళంటే ప్రాణం. మా ఇంట్లో మిగతా అందరికీ సాలీళ్ళంటే ప్రాణభయం. సిటీ బస్సు నడుపుతూ, ఎదురుగా లారీ దూసుకొచ్చినా రెప్ప వేయని మా అన్నయ్య, గోడ మీద సాలీడు కనబడితే మంచమెక్కి నిలబడేవాడు. ఆ మంచం మీద అప్పటికే నేనుండేదాన్ని. అలాంటి ఇంటికి కోడలుగా వచ్చిన మనిషి, వచ్చిన మూడో రోజున స్నానాల గదిలో తిరుగుతున్న సాలీడు మీద గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, కిటికీలోంచి బయటికి వదిలేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"అంతేనా?" అన్నాడు అన్నయ్య, మంచం మీది నుంచే.

"అంతే. దిగండి," అంది వదిన.

ఆడబిడ్డ అర్ధమొగుడని సామెత. ఆ హోదా ఊరికే పోనివ్వడం నాకిష్టం లేకపోయింది. ఆమె మడతపెట్టిన దుప్పట్లు విప్పి మళ్ళీ నా పద్ధతిలో మడతపెట్టేదాన్ని. ఆమె ఒక్క మాట అనేది కాదు. నేనటు వెళ్ళగానే, నేను మడతపెట్టినవి విప్పి ఇంకా బాగా మడతపెట్టేది. ఏడాది గడిచేసరికి విసుగొచ్చి నేనే మానేశాను. తర్వాత ఇద్దరం స్నేహితులమయ్యాం. అప్పట్నించీ నన్ను 'పిల్లా' అని పిలవడం మొదలుపెట్టింది. ఇప్పుడు నాకు యాభై దాటాయి, ఇంకా పిల్లనే.

వదిన పెళ్ళికి ముందు ఒక కుట్టు దుకాణంలో పనిచేసేది. దర్జీ అంటే 'రేపు రండి' అనేవాడని లోకమంతా నవ్వుకుంటుంది కదా. వదిన నోట ఆ మాట ఎవరూ వినలేదు. గురువారం ఇస్తానంటే గురువారమే. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంతో కూర్చుని, ఎవరిదో పెళ్ళి కోటు పూర్తిచేసి, గుండీలు కూడా కుట్టి, అప్పుడు పడుకుందట. "చెప్పిన రోజుకి ఇవ్వని బట్ట, చిరిగిన బట్ట, రెండూ ఒకటే," అనేది. ఆ పంతం ఆమెకి చాలా మంచి పేరు తెచ్చింది. తర్వాత ఒకసారి ఆమె ప్రాణం కూడా తోడేసింది. అది ముందుంది.

నేను అప్పటికే జూలో కుట్టు గదిలో పనిచేస్తున్నాను. నవ్వకండి, జూకి కుట్టు గది ఉంటుంది. కాపలావాళ్ళ యూనిఫారాలు, పక్షుల వలలు, బోనుల మీద కప్పే కాన్వాసు గుడ్డలు, తల్లి వదిలేసిన కోతిపిల్లలు వేలాడడానికి గుడ్డ ఊయలలు, పాముల్ని మోసే సంచులు, అన్నీ మేమే కుట్టాలి. పాము సంచికి రెండు వరసల కుట్టు వెయ్యాలి, మూలల్లో చిటికెన వేలు కూడా దూరకూడదు. రెండో మిషను ఖాళీ అయినప్పుడు వదినని నేనే తీసుకొచ్చాను. పదకొండేళ్ళు ఎదురెదురు మిషన్ల మీద కూర్చుని కుట్టాం. ఆమె ఇద్దరు పిల్లల చదువులూ, మా అన్నయ్య మీద చాడీలూ, నా జీవితంలోని సమస్తమూ ఆ మిషన్ల చప్పుడులోనే మాట్లాడుకున్నాం.

ఒకరోజు పురుగుల విభాగం పెద్ద డాక్టరు గారు వచ్చారు. గాజు పెట్టెలకి సన్నటి వలతో మూతలు కావాలట, ఎవరైనా వచ్చి కొలతలు తీసుకోవాలట. నేను వెంటనే కడుపు పట్టుకుని నొప్పి అన్నాను. వదిన టేపు మెడలో వేసుకుని వెళ్ళింది. అరగంట పనికి వెళ్ళిన మనిషి మూడు గంటలైనా రాలేదు. వచ్చాక కూడా మిషను ముందు కూర్చుని చాలాసేపు పెడల్ తొక్కలేదు.

"ఏమైంది? కరిచిందా?" అని అడిగాను.

"దాని మూటకి కుట్టుంది, పిల్లా," అంది వదిన.

అప్పుడు చెప్పింది. నడిసముద్రంలో, ఓడలు కూడా పనిలేనిదే పోని చోట, నాలుగైదు రాతి దీవులున్నాయట. అందులో ఒకే ఒక దీవిలో, ఒకే ఒక లోయలో, రాళ్ళ కింద ఉంటుందట ఈ సాలీడు. భూమ్మీద ఇంకెక్కడా లేదు. కాళ్ళు చాపితే అరచెయ్యంత. నల్లటి ఒళ్ళు, కాళ్ళ మీద తెల్ల పట్టీలు. గూడు అల్లదు, పరుగెత్తి వేటాడుతుంది. ఎవరో ఎప్పుడో తెచ్చిన గడ్డి ఆ లోయంతా కమ్మేసి రాళ్ళ సందులు మూసేస్తోందట. అక్కడ గడ్డి పీకేవాళ్ళు పీకుతూ ఉంటే, ఇక్కడ పిల్లల్ని పెంచి, ఏనాటికైనా మళ్ళీ ఆ లోయకి పంపాలని పెద్ద డాక్టరు గారి ఆశ.

ఇదంతా వదిన నాకు మధ్యలో చెప్పింది. ముందూ వెనకా చెప్పిందంతా కుట్టు గురించే. ఆ రోజు ఒక తల్లి సాలీడు గుడ్ల మూటని ఒంటికి కట్టుకుని తిరుగుతోందట. రేగుపండంత మూట. కింద గిన్నెలాగా ఒక పొర నేసి, అందులో గుడ్లు పెట్టి, పైన మూతలాగా ఇంకో పొర నేసి, రెండు అంచులూ కలిపి చుట్టూ కుట్టేసిందట.

"సూది లేదు. దారం కూడా ఒంట్లోదే. నేను జన్మలో అంత సన్న కుట్టు వెయ్యలేదు," అంది. ఆ గొంతులో కొంచెం అసూయ కూడా ఉంది.

నెల తిరక్కుండా వదిన కుట్టు గది వదిలి సాలీళ్ళ గదికి వెళ్ళిపోయింది. నేను వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిది కాళ్ళ పురుగు కోసం రెండు కాళ్ళ మనిషిని వదిలేస్తే ఎవరికి మాత్రం కోపం రాదు?

ఆ గదిలో పని నేను గుమ్మం బయట నిలబడి చూసిందే. పెద్దవాటికి గాజు పెట్టెలు, మట్టి, రాళ్ళు. పిల్లలకి చిన్న చిన్న గాజు గొట్టాలు, ఒక్కోదానికి ఒక్కోటి, మూతికి దూది. కలిపి ఉంచితే కుదరదు. అన్నదమ్ములు ఆస్తి పంచుకున్నట్టు, చివరికి ఒకటే మిగులుతుంది. ఒక్కోసారి నాలుగు వందల గొట్టాలు ఉండేవి. ఒక్కోదానిలో దూదికి రెండు చుక్కల నీళ్ళు, రెక్కల్లేని ఒక పండు ఈగ. ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చాలన్నా తడిపిన కుంచెతోనే, చేత్తో కాదు. వదిన వాటితో మాట్లాడుతూ పనిచేసేది. "తినవే తల్లీ. నిన్న కూడా ముట్టుకోలేదు. కుబుసం విడుస్తావా ఏంటి?" అని బుజ్జగించేది. ఈ కబుర్లన్నీ విని అన్నయ్య, "ఈ ఇంట్లో కాకుండా ఆ గదిలో పుట్టుంటే నాకూ రోజూ వేళకి ఒక ఈగ దొరికేది," అనేవాడు. జూలో అందరూ ఆమెని సాలీళ్ళమ్మ అనేవాళ్ళు. ముందు ఎగతాళికే అన్నారు. కొన్నేళ్ళకి అదే పేరైపోయింది.

ఎనిమిదేళ్ళ కిందట ఆ తప్పు జరిగింది.

ఆ సాలీళ్ళలో తల్లి పగలంతా మూటని వెచ్చటి వైపుకి తిప్పుతూ ఉంటుంది. రోజులు నిండాక తనే కోరలతో కుట్టు విప్పుతుంది. లోపలి పిల్లలకి ఆ కుట్టు తెంచుకుని వచ్చే శక్తి లేదు. తల్లి విప్పకపోతే లోపలే చచ్చిపోతాయి. ఆ ఏడాది ఒక తల్లి ఎందుకో మూటని విదిలించి పారేసింది. వదిన దాన్ని తీసి, దీపం వెచ్చదనంలో పెట్టి, మూడు గంటలకోసారి కుంచెతో తిప్పుతూ కాపాడింది. డాక్టరు గారి కాగితాల ప్రకారం ముప్పై అయిదో రోజున విప్పాలి. ఆ రోజు ఆయన ఊళ్ళో లేరు. వదిన ఫోను చేసి, "కుట్టు ఇంకా బిగుతుగా ఉంది, డాక్టరు గారూ," అంది.

"లెక్క ప్రకారం ఇవాళేనమ్మా. ఆపైన నీ ఇష్టం," అన్నారాయన.

వదిన ఆ రోజే విప్పింది. చెప్పిన రోజుకి పని ఇవ్వకపోవడం ఆమెకి చేతకాదు. తీరా విప్పితే లోపల తొంభై దాకా పిల్లలు, రంగులేకుండా, కాళ్ళు ముడుచుకుని, ఇంకా తయారు కాకుండా ఉన్నాయి. సాయంత్రానికి ఒక్కటి మిగలకుండా ఎండిపోయాయి. ఆ వారమంతా గది చల్లగా ఉందని, అందుకే లోపల పెరుగుదల వెనకబడిందని తర్వాత తేలింది.

మర్నాడు మధ్యాహ్నం వదిన మా కుట్టు గదికి వచ్చింది. తన పాత మిషను ముందు కూర్చుని, గేటు మూసే వేళ దాకా పాము సంచులు కుట్టింది. ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. ఎవరైనా ఒక తిట్టు తిడితే మనం మనసులో పది తిట్టుకుని తేలికపడతాం. ఆమెకి ఆ వీలు కూడా లేకపోయింది. ఇంటికి వెళ్ళే దారిలో అంది:

"చెప్పిన రోజుకి ఇచ్చాను, పిల్లా. వాటిని అడగలేదు."

ఆ తర్వాత పెద్ద డాక్టరు గారు రిటైరయ్యారు. ఆయన స్థానంలో చిన్న వయసు డాక్టరమ్మ వచ్చింది. సన్నగా, ఎప్పుడూ పరుగు మీద, జేబులో నాలుగు పెన్నులతో ఉండేది. పనిమంతురాలే. కానీ ఆమె కాలం కలిసిరాలేదు. గాజు పెట్టెల్లో ఏదో నల్లి పట్టి ఏడాదిలో సగం సాలీళ్ళు పోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, అదే ఏడాది ఆ దీవిలో గడ్డి సగం లోయని మింగేసిందని కబురొచ్చింది. చివరికి గదిలో మూడే ఆడ సాలీళ్ళు మిగిలాయి. వాటిలో ఒక్కటే మూట కట్టింది. అన్నిటికన్నా ముసలిది.

పందొమ్మిదో రోజు పొద్దున వదిన వెళ్ళేసరికి ఆ తల్లి కాళ్ళు ముడుచుకుని పడి ఉంది. మూట మాత్రం ఇంకా ఒంటికి కట్టే ఉంది.

ఇక్కడ నేను వదిన చెయ్యి సంగతి చెప్పాలి.

దానికి ఏడాది ముందు, ఒకరోజు భోజనాల వేళ వదిన నా మిషను మీద ఒక సూది, దారం పెట్టి, "ఎక్కించి పెట్టు," అంది. వెంట్రుకలాంటి సూదిలో చీకట్లో కూడా దారం ఎక్కించే మనిషి! "ముసలిదానివైపోయావు వదినా, కళ్ళద్దాలు పెట్టుకో," అని వెక్కిరించాను. ఆమె నవ్వలేదు. అప్పుడు చూశాను. కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ, పెడల్ మీది నుంచి కాలు తీసినా ఇంకా ఆడుతున్న మిషను చక్రంలా, వాటంతట అవే ఆడుతున్నాయి. నేను చూడగానే ఆ చెయ్యి అప్రాన్ జేబులో పెట్టేసుకుంది.

"డాక్టరుకి చూపించాను. తగ్గేది కాదట. మందులతో కొంత ఆగుతుందట," అంది. "అన్నయ్యకి చెప్పకు."

"డాక్టరమ్మకి?"

"ఆమెకి అసలే చెప్పకు. చేతులు వణికేదాన్ని ఆ గాజు గొట్టాల మధ్య ఎవరు ఉంచుతారు?"

రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. ఇంట్లో కూర్చుంటే గడవక కాదు. ఆ గది లేని వదినని నేను ఊహించుకోలేకపోయాను, ఆమె కూడా ఊహించుకోలేకపోయింది. అంచేత నేనూ దొంగకి తోడు దొంగనయ్యాను. చిన్న గుడ్డ సంచిలో ఇసక పోసి, మణికట్టుకి కట్టుకునేలా కుట్టిచ్చాను. బరువుకి వణుకు కొంచెం అణిగేది. కుంచె పట్టడం ఎడమచేత్తో నేర్చుకుంది. ఇంట్లో టీ సగం కప్పే పోసుకునేది, ఒలక్కుండా. రిటైరై ఇంట్లోనే ఉంటున్న అన్నయ్య, ఈ వయసులో టీ తగ్గించడం మంచిదేనని సంతోషించాడు. బస్సు ముందున్న రోడ్డు తప్ప మా అన్నయ్యకి ఏదీ కనబడదు.

అలా ఎడమచేత్తోనే, తల్లి పోయిన మూటని వదిన కాపాడుకొచ్చింది. మూడు గంటలకోసారి తిప్పడం, దూది తడపడం, రోజూ పొద్దున భూతద్దం కింద పెట్టి కుట్టు చూడడం. ముప్పై అయిదో రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ సన్న కత్తెర పట్టుకుని వచ్చింది. నేను గుమ్మం బయట ఉన్నాను.

"రేపు చూద్దాం," అంది వదిన.

నేను ఉలిక్కిపడ్డాను. జన్మలో మొదటిసారి ఆ మాట ఆమె నోట విన్నాను.

మర్నాడు కూడా 'రేపు' అంది. ఆ మర్నాడూ అంతే. డాక్టరమ్మ ముఖం పీక్కుపోయింది. ఆమె తప్పేమీ లేదు, ఆమె కూడా ఆ మూట గురించే భయపడుతోంది.

"అమ్మా, ఆలస్యం అమృతం విషం అంటారు. తల్లి అయితే ఈపాటికి విప్పేసేది. లోపల ఊపిరాడక పోతే ఏం చేస్తాం?"

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు కదమ్మా. గుడ్డ ఇంకా కుట్టుని లాగడం లేదు."

మన భాషతో ఇదే గొడవ. ఎటువైపు వాళ్ళకి అటువైపు ఒక సామెత తయారుగా ఉంటుంది, ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పరు.

ముప్పై ఎనిమిదో రోజు సాయంత్రం డాక్టరమ్మ, "రేపు మధ్యాహ్నం దాకా చూస్తానమ్మా. ఆ తర్వాత నేనే విప్పేస్తాను. మీ మాట కాదనాలని కాదు," అంది. వదిన సరేనంది. ఇంటికి నడుస్తున్నప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "అప్పుడు తొందరపడి చంపాను. ఇప్పుడు ఆలస్యం చేసి చంపుతున్నానేమో, పిల్లా," అంది. వాగుడుకాయనని నాకున్న పేరు ఆ రోజు ఎందుకూ పనికిరాలేదు.

ముప్పై తొమ్మిదో రోజు పొద్దున పది గంటలకి వదిన కుట్టు గది గుమ్మంలో నిలబడింది. ముఖం వెలిగిపోతోంది.

"కుట్టు వదులైంది. బిగుతైన చొక్కా వేసుకుంటే గుండీల దగ్గర గుడ్డ లాగుతుందే, అలా లాగుతోంది. కుట్టు పొడుగునా తెల్లటి గీత వచ్చింది. రా."

"నేనెందుకు?"

"నువ్వు విప్పాలి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. "నేనా? డాక్టరమ్మ ఉందిగా!"

"ఆమెకి కొయ్యడం వచ్చు. ఇది కొయ్యకూడదు, పోగు పోగు విప్పాలి. ఎడమచేత్తో తిప్పగలను గానీ విప్పలేను. కుడిచెయ్యి సంగతి నీకు తెలుసు."

"వదినా, సాలీడు పేరెత్తితేనే నాకు…"

"విప్పడంలో నిన్ను మించినవాళ్ళు నాకు తెలీదు," అంది. "నేను మడతపెట్టిన దుప్పట్లు ఏడాదిపాటు విప్పావు."

అలా అనేస్తే ఇంకేం చేస్తాం? సన్నసూది తీసుకుని లేచాను.

గదిలో డాక్టరమ్మ నన్ను చూసి ఆశ్చర్యపోయింది. వదిన అప్రాన్ జేబులోంచి కుడిచెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. అది బల్ల మీద టకటకమని ఆడింది.

"ఇదమ్మా సంగతి. ఏడాది నుంచీ ఇంతే. మీ దగ్గర దాచాను. ఇవాళ ఈ పని కానివ్వండి. తర్వాత మీరు వెళ్ళమంటే వెళ్ళిపోతాను."

డాక్టరమ్మ ఆ చేతివైపు చూసింది. "ముందే చెప్పాల్సిందమ్మా," అంది. కోపంగానే అంది. అని, తన కుర్చీ నావైపు జరిపింది.

భూతద్దం కింద ఆ మూట చూశాను. బూడిదరంగు కలిసిన తెలుపు. చుట్టూ నడుం పట్టీలా కుట్టు. నిజం చెప్తున్నాను, దాన్ని చూడగానే నాలో భయం సగం అణిగిపోయి, కుట్టుపని మనిషి లేచి కూర్చుంది. అంత సమంగా, ఎక్కడా ముడి కనబడకుండా వేసిన కుట్టు నేనెక్కడా చూడలేదు. పదహారేళ్ళ కిందటి వదిన అసూయ నాకప్పుడు అర్థమైంది.

"కుడివైపు. అక్కడ పోగు లేచింది చూడు. దాని కిందకి పోనివ్వు. లాగకు," అంటోంది వదిన చెవి దగ్గర. ఒక పోగు. రెండు. అయిదు. పని మొదలయ్యాక నా చేతులకి నేను గుర్తుండను. ఇరవయ్యో పోగు దగ్గర సందు తెరుచుకుంది. అందులోంచి వెంట్రుకలాంటి కాలొకటి బయటికొచ్చి గాలిలో తడుముకుంది. అరవడానికి నోరు తెరిచాను. వదిన ఎడమచెయ్యి నా భుజం మీద పడింది. నోరు మూసుకుని ఇంకో పోగు విప్పాను.

"రంగొచ్చింది," అంది డాక్టరమ్మ. "అమ్మా, పిల్లలకి రంగొచ్చింది."

తలెత్తి వదిన వైపు చూశాను. కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది.

"కదులుతున్నాయా?" అని అడిగింది కళ్ళు తెరవకుండానే.

"కదులుతున్నాయి వదినా. నా మీదకే కదులుతున్నాయి, దేవుడోయ్!"

అప్పుడు కళ్ళు తెరిచింది. ఆవగింజంత ఒళ్ళు, నల్లటి కళ్ళు. ఒకదాని వెనక ఒకటి పెట్టెలోకి దిగుతున్నాయి. డాక్టరమ్మ లెక్కపెట్టడం మొదలుపెట్టి, కన్నీళ్ళకి లెక్క తప్పి, మళ్ళీ మొదలుపెట్టింది.

మా సంతోషం అయిదు నిమిషాలే ఉంది. పుట్టిన పిల్లలు వారం రోజులు తల్లి వీపు మీదే గడపాలి. గుంపుగా అతుక్కుని ఉంటేనే ఒంట్లో తడి నిలుస్తుంది. చెదిరిపోతే సాయంత్రానికి ఎండిపోతాయి. అది ముందే తెలిసి, డాక్టరమ్మ చెప్పిన కొలతలకి నేను నల్లటి మఖమలు ముక్కలో దూది కూరి ఒక తల్లి వీపు కుట్టిచ్చాను. దాన్ని పెట్టెలో పెట్టాం. పిల్లలు దాని దగ్గరికి వచ్చాయి, కాళ్ళతో తాకి చూశాయి, పక్కకి తిరిగి వెళ్ళిపోయాయి. డాక్టరమ్మ కుంచెతో ఎక్కించింది. దిగిపోయాయి. మళ్ళీ ఎక్కించింది. మళ్ళీ దిగి నాలుగు మూలలకీ నాలుగు దారుల్లో నడిచాయి. పావుగంట గడిచింది. డాక్టరమ్మ చొక్కా వీపంతా చెమటతో తడిసిపోయింది. ఎనిమిదేళ్ళ కిందటి సాయంత్రం మళ్ళీ వస్తోందని వదినకీ నాకూ తెలుస్తోంది.

ఒకటి పెట్టె అంచు దాకా పాకింది. వదిన కంగారులో ఏ చెయ్యి అని చూసుకోకుండా కుడిచెయ్యి చాపి అడ్డం పెట్టింది. చెయ్యి పెట్టె అడుగున ఆనింది. ఆనినా వణుకుతూనే ఉంది.

ఆ పిల్ల ఆగింది. వేలిని తాకింది. ఎక్కేసింది. దాని వెనక రెండు. తర్వాత మూలల్లో ఉన్నవి కూడా వెనక్కి తిరిగాయి. నా కళ్ళముందే ఆ వేళ్ళ మీదుగా, మణికట్టు దాకా బారులు తీరి ఎక్కాయి.

"చెయ్యి తియ్యకండి," అంది డాక్టరమ్మ గుసగుసగా. "కదలని దాన్ని వదిలేస్తున్నాయి. తల్లి కదులుతుంది కదా. మీ చెయ్యి కదులుతోంది."

నేను మఖమలు ముక్కని రబ్బరు దారంతో వదిన చేతి వెనక కట్టాను. సాలీడు పిల్లలు నా వేళ్ళ మీద నడుస్తుండగానే కట్టాను. ఆ సంగతి ఇంటికి వెళ్ళాక గుర్తొచ్చి ఒళ్ళు జలదరించింది. మెల్లగా అన్నీ మఖమలు మీదికి చేరి, గుంపుగా, ఒకదాని మీద ఒకటి సర్దుకున్నాయి. ఎనభై ఏడు. డాక్టరమ్మ నాలుగోసారి లెక్కపెట్టినప్పుడు తేలింది.

"రాత్రి చల్లబడ్డాక ఎలాగూ కదలవు, అప్పుడు మఖమలుతో సహా దింపేద్దాం," అంది డాక్టరమ్మ. "పొద్దున మళ్ళీ మీరే కావాలి. వారం రోజులు. సెలవు అడిగారో, ఊరుకోను."

పన్నెండున్నరకి అన్నయ్య వచ్చాడు. రిటైరైనప్పటి నుంచీ వంట ఆయనదే. రోజూ భోజనం డబ్బా తెచ్చి గేటు దగ్గర నిలబడతాడు, వదిన బయటికి వెళ్ళి తీసుకుంటుంది. పదహారేళ్ళలో ఆ గది గుమ్మం తొక్కలేదు. ఆ రోజు ఆమె బయటికి రాకపోయేసరికి, ఏమైందోనని నేరుగా లోపలికి వచ్చేశాడు.

మంచాలెక్కే మా అన్నయ్య ఎనభై ఏడు సాలీళ్ళని చూసి ఏం చేస్తాడోనని నేను కుర్చీ పట్టుకున్నాను. ఆయన సాలీళ్ళని చూడనే లేదు.

"చెయ్యి ఏంటి అలా వణుకుతోంది?" అన్నాడు. డబ్బా కింద పెట్టేసి, పెట్టెలోకి చెయ్యి పెట్టి, సాలీళ్ళతో సహా ఆ చెయ్యిని పట్టుకోబోయాడు.

"పట్టుకోకండి," అంది వదిన. "వణకనివ్వండి."

"ఎప్పటి నుంచి?"

"ఏడాదైంది."

అన్నయ్య నావైపు చూశాడు. నేను నేల చూశాను. ఆయన ఒక స్టూలు లాక్కుని వదిన పక్కన కూర్చున్నాడు. సగం కప్పు టీలన్నీ ఆయన ముఖంలో ఒకదాని తర్వాత ఒకటి లెక్కకొస్తున్నట్టున్నాయి. డబ్బా మూత తీసి, చెంచా తీసుకుని, వదిన నోటికి అందించాడు. ఆమె ఒక్క క్షణం డాక్టరమ్మ వైపు చూసి సిగ్గుపడి, నోరు తెరిచింది. నేను ఏడ్చాను. కన్నీళ్ళు దాచుకోవడం నాకు రాదు.

"ఇంకేమైనా దాచావా నా దగ్గర?" అని అడిగాడు అన్నయ్య, నాలుగో చెంచా నింపుతూ.

వదిన నములుతూ ఆలోచించింది.

"మీరు వంట మొదలుపెట్టిన ఈ రెండేళ్ళలో ఒక్కరోజు కూడా ఉప్పు సరిపోలేదు," అంది.

అన్నయ్య కళ్ళు తుడుచుకుని, "రేపటి నుంచి వేస్తాలే," అని చెంచా ఆమె నోటి దగ్గర పెట్టాడు.